గోళ్ల రంగు సీసా మీద కుందేలు బొమ్మ

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే కడప వై.వి. స్ట్రీట్‌లోని ఫ్యాన్సీ షాపుల్లో కాలు పెట్టే చోటుండదు. గాజులు, సవరాలు, బొట్టుబిళ్లల అట్టల మధ్య గోళ్ల రంగు సీసాలు వరసగా పేర్చి ఉంటాయి. కొనేవాళ్లు చీర అంచునో, ఫోన్లో జాకెట్టు ఫొటోనో పక్కన పెట్టి రంగు కలిసిందో లేదో చూసుకుంటారు. ఎన్ని రోజులు ఉంటుంది, అంట్లు తోమితే పోతుందా, గోరు పచ్చబడుతుందా అని అడుగుతారు. ఈమధ్య కాలేజీ పిల్లలు కొత్తగా ఇంకో ప్రశ్న వేస్తున్నారు: "అన్నా, ఇది క్రూయల్టీ ఫ్రీయేనా?" అంటే, జంతువుల మీద పరీక్షలు చేయకుండా తయారైందేనా అని. షాపాయన అట్టపెట్టె తిప్పి మూలన ఉన్న చిన్న బొమ్మ మీద వేలు పెడతాడు. "ఇదిగో పాపా, కుందేలుంది సూడు." బేరం కుదిరిపోతుంది.

ఆ బొమ్మను అంతగా నమ్మాల్సిన పని లేదు. అలాగని పూర్తిగా కొట్టిపారేయాల్సినదీ కాదు. అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో, ఏ ప్రశ్నను పక్కకు నెడుతోందో తెలిస్తే చాలు.

ముందు చట్టం సంగతి చూద్దాం. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది. ఆ ఏడాది మే నెలలో దేశం లోపల పరీక్షలు ఆగాయి. అక్టోబరులో వచ్చిన ఇంకో సవరణతో, అలా పరీక్షించిన సరుకును బయటి నుంచి దిగుమతి చేసుకోవడం కూడా ఆగింది. దక్షిణాసియాలో ఈ పని చేసిన మొదటి దేశం మనదే. కాబట్టి ఇక్కడే తయారై ఇక్కడే అమ్ముడయ్యే సీసా మీద "జంతువులపై పరీక్షించలేదు" అని రాసుకోవడం, ట్రావెల్స్ వాళ్లు "మా డ్రైవరుకు లైసెన్సుంది" అని బస్సు మీద రాయించుకున్నట్టే. అబద్ధం కాదు, కానీ గొప్పా కాదు.

అసలు కుందేలు దాకా వెళ్లే ముందు సీసాకు అడ్రసుందా అన్నది చూడాలి. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, పదార్థాల జాబితా ఉండాలి. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతి చేసినవాళ్ల చిరునామా ఉండాలి. సీసా చిన్నది కాబట్టి వీటిలో చాలా వివరాలు అట్టపెట్టె మీదకు పోతాయి. పెట్టె చింపి పడేసి విడిగా అమ్మే షాపుల్లో ఆ సమాచారం పెట్టెతోపాటే చెత్తబుట్టలోకి పోతుంది. ముప్పై నలభై రూపాయల సీసాల్లో కొన్నింటి మీద బ్రాండు పేరు, ఒక పూల బొమ్మ తప్ప ఏమీ ఉండవు. ఇంకొన్ని ఉంటాయి, పేరున్న బ్రాండును ఒక్క అక్షరం మార్చి రాసుకున్నవి. వీటి విషయంలో క్రూరత్వం గురించి చర్చే అనవసరం. ఎవరు చేశారో తెలియని సరుకును ఎవరిని అడుగుతాం? అలాంటి సీసా మీద కూడా కుందేలు బొమ్మ కనిపించిందంటే నవ్వుకోవాలి, అంతే. పైన పటారం, లోన లొటారం.

అడ్రసున్న సీసాల దగ్గరికి వద్దాం. జంతు పరీక్షల మీద తిరుగుబాటు కథలో గోళ్ల రంగుకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. అమెరికాలో 1932లో పుట్టిన రెవ్లాన్ మొదట అమ్మింది గోళ్ల రంగే. తర్వాత అది పెద్ద సౌందర్య సాధనాల కంపెనీ అయింది. 1980 ఏప్రిల్‌లో హెన్రీ స్పైరా అనే ఉద్యమకారుడు న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేయించాడు. అందం కోసం రెవ్లాన్ ఎన్ని కుందేళ్ల కళ్లు పోగొడుతోంది అని అందులో నేరుగా అడిగాడు. ఆ ఏడాది ముగిసేలోపే, జంతువులు అక్కర్లేని పరీక్షలు కనిపెట్టడానికి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి 7,50,000 డాలర్లు ఇస్తామని రెవ్లాన్ ప్రకటించింది. మిగతా కంపెనీలూ వరసగా అదే దారి పట్టాయి.

స్పైరా అడిగింది డ్రేజ్ పరీక్ష గురించి. అమెరికా ఆహార, ఔషధ సంస్థలో పనిచేసిన జాన్ డ్రేజ్ 1944లో దీన్ని పద్ధతిగా రాసిపెట్టాడు. కుందేలు తల మాత్రం బయటికి ఉండేలా బిగిస్తారు. ఒక కంటి కింది రెప్పను లాగి అందులో పరీక్షించాల్సిన పదార్థం వేస్తారు, రెండో కన్ను పోల్చి చూడటానికి అలాగే వదిలేస్తారు. ఎర్రబడటం, వాపు, పుండు, కంటి పైపొర మసకబారడం, వీటికి రోజుల తరబడి మార్కులు వేస్తారు. కుందేలునే ఎందుకు ఎంచుకున్నారంటే అది సాధు జంతువు, కళ్లు పెద్దవి, మనిషి కంటే కన్నీరు తక్కువ. కన్నీరు తక్కువ కాబట్టి కంట్లో పడింది కొట్టుకుపోదు. ఈ చివరి కారణం వల్లే ఆ ఫలితం మనిషి కంటికి సరిగ్గా వర్తించదన్నది శాస్త్రవేత్తల విమర్శల్లో ఒకటి. ఇప్పుడు ల్యాబ్‌లో మనిషి కణాలతో పెంచిన చర్మపు పొర మీద, కంటి పైపొర లాంటి కణజాలం మీద ఇదే పని చేసే పరీక్షలు ఉన్నాయి. రసాయనాల పరీక్షా పద్ధతులను ఖరారు చేసే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ వాటిని అంగీకరించింది.

గోళ్ల రంగులో అసలు ఏముంటుంది? ఆరిన తర్వాత గోరు మీద పొరలా నిలిచేది నైట్రోసెల్యులోజ్. మూత తీయగానే ముక్కుకు తగిలే వాసన ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్‌లది. పొర పెళుసుగా విరగకుండా కాస్త సాగేలా చేసే పదార్థం ఒకటి, గోటికి పట్టుకునే రెసిన్ ఒకటి, ఆపైన రంగులు, మెరుపు. ఇవన్నీ దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవే. కుందేలు కంట్లో వేయాల్సినవి ఎప్పుడో వేసేశారు, ఫలితాలు ఫైళ్లలో ఉన్నాయి. కొత్త షేడు తేవడానికి కొత్త రసాయనం కావాలన్న నియమం లేదు, ఉన్నవాటినే పాళ్లు మార్చి కలిపితే చాలు. నాటుకోడి పులుసు, రాగి సంగటి తినే సీమలో కుందేలు కంటి గురించి ఈ పట్టింపేంటని అడిగేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. కోడి కూర ఎవరి ఆకలో తీరుస్తుంది. తెలిసిన సంగతిని మళ్లీ తెలుసుకోవడానికి చేసే పరీక్ష ఎవరికీ ఏమీ పెట్టదు.

చట్టం ఉన్నాక ఇంకా అనుమానం ఎందుకంటే, కారణం ముడిసరుకు. కంపెనీ తన సీసాను పరీక్షించకపోవచ్చు. ఆ కంపెనీకి రంగు అమ్మిన కంపెనీ, దానికి రసాయనం అమ్మిన ఇంకో కంపెనీ ఏం చేశాయన్నది వేరే లెక్క. నైట్రోసెల్యులోజ్ గోళ్ల రంగుకే కాదు, చెక్క పాలిష్‌కు, ప్రింటింగ్ సిరాకు కూడా పోతుంది. ఇలా నాలుగు పరిశ్రమలకు పోయే రసాయనాన్ని కార్మికుల భద్రత పేరుతో ఇంకో చట్టం కింద పరీక్షించమని అడగొచ్చు. యూరప్‌లో అదే జరిగింది. అక్కడ జంతు పరీక్ష చేసిన సౌందర్య సాధనాల అమ్మకం 2013 మార్చి నుంచి పూర్తిగా నిషేధం. అయినా సిమ్‌రైజ్ అనే జర్మన్ కంపెనీ తయారుచేసే రెండు సన్‌స్క్రీన్ రసాయనాలకు జంతు పరీక్షలు చేయాలని రసాయనాల చట్టం కింద ఆదేశం వచ్చింది. ఆ రెండూ సౌందర్య సాధనాల్లో తప్ప వాడనివే. కంపెనీ కోర్టుకు వెళ్లింది, 2023 నవంబరులో ఓడిపోయింది. ఒక చట్టం వద్దంటుంది, పక్క చట్టం చేయమంటుంది. మధ్యలో కుందేలు.

అందుకే కంపెనీలు వాడే వాక్యాలను అక్షరం అక్షరం చదవాలి. "మా తుది ఉత్పత్తిని జంతువులపై పరీక్షించం" అంటే ముడిసరుకు గురించి మాట్లాడలేదని. "చట్టం కోరిన చోట తప్ప పరీక్షించం" అంటే ఆ చట్టం కోరే దేశంలో కూడా అమ్ముతున్నారని, లేదా అమ్మే ఆలోచన ఉందని. "మేము పరీక్షించం" అన్నా సరిపోదు, డబ్బిచ్చి వేరేవాళ్లతో చేయించినా ఆ వాక్యం అబద్ధం కాదు. ఫలానా తేదీ తర్వాత మేము గానీ, మా సరఫరాదారులు గానీ, మా తరఫున ఎవరైనా గానీ ఏ దశలోనూ పరీక్షించలేదు అని ఉంటే, అది పట్టుకుని అడగదగ్గ మాట. తేదీ ఎందుకంటే, పైన చెప్పినట్టు పాత రసాయనాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు పరీక్షకు గురైనవే. ఎప్పుడూ ఎవరూ పరీక్షించని గోళ్ల రంగు కావాలంటే అసలు గోళ్ల రంగే దొరకదు.

నిజమైన గుర్తుల్లో తరచూ వినిపించేవి రెండు. గెంతుతున్న కుందేలు ఉండేది లీపింగ్ బన్నీ. 1996లో అమెరికాలో కొన్ని జంతు సంరక్షణ సంఘాలు కలిసి దీన్ని మొదలుపెట్టాయి. బ్రాండు ఒక కటాఫ్ తేదీ పెట్టుకోవాలి, సరఫరాదారులందరి నుంచి కాగితాలు తీసుకోవాలి, బయటివాళ్ల ఆడిట్‌కు ఒప్పుకోవాలి. రెండోది పెటా అనే జంతు హక్కుల సంస్థ వాళ్ల జాబితా. ఇది ప్రధానంగా కంపెనీ సంతకం చేసి ఇచ్చే హామీ పత్రం మీద నడుస్తుంది. పరీక్షలు లేనివి ఒక తరగతి, పరీక్షలు లేకపోవడంతోపాటు జంతు పదార్థాలూ లేనివి ఇంకో తరగతి. రెండింటిలో మొదటిదే గట్టిదని చెప్పక తప్పదు. మాటిచ్చినవాళ్ల మాట నమ్మడం వేరు, లెక్కల పుస్తకం తెరిచి చూడటం వేరు. ఈ రెండూ కాక మూడో కుందేలు ఉంటుంది, కంపెనీ డిజైనర్ సొంతంగా గీసింది. దాని పక్కన ఏ సంస్థ పేరూ ఉండదు. బొమ్మ చూసి తేల్చుకోవడం కంటే, ఆ సంస్థల వెబ్‌సైట్లో బ్రాండు పేరు వెతకడమే సులువు. షాపులో నిలబడే ఫోన్లో చూసేయొచ్చు.

చైనా గురించి పాత సమాచారం ఇంకా తిరుగుతోంది. ఒకప్పుడు అక్కడ దుకాణాల్లో అమ్మాలంటే దిగుమతి సౌందర్య సాధనాలకు జంతు పరీక్ష తప్పనిసరి. అందుకే 2017లో నార్స్ అనే బ్రాండు చైనాలో అమ్మకాలకు సిద్ధపడగానే అభిమానులు మండిపడ్డారు. అయితే 2014లో అక్కడే తయారయ్యే సాధారణ రకాలకు, 2021 మే నుంచి దిగుమతయ్యే సాధారణ రకాలకు మినహాయింపు వచ్చింది. దిగుమతి సరుకుకు తయారీ నాణ్యత మీద ప్రభుత్వ ధ్రువపత్రం, భద్రత నివేదిక చూపించాలి. జుట్టు రంగు, సన్‌స్క్రీన్ లాంటివి ప్రత్యేక రకాలు, వాటికి ఈ సడలింపు లేదు. గోళ్ల రంగు సాధారణ రకం కిందికే వస్తుంది. కాబట్టి "చైనాలో అమ్ముతున్నారు, అయితే క్రూరులే" అని 2021కి ముందు తయారైన జాబితాను ఇప్పుడు పట్టుకుని తిరగడం సరికాదు.

మాతృసంస్థ గొడవ ఇంకొకటి. జంతు పరీక్షలకు ఎదురు నిలిచి పేరు తెచ్చుకున్న బాడీ షాప్ అనే బ్రాండును 2006లో, జంతు పరీక్షల విషయంలో విమర్శలు ఎదుర్కొంటున్న లోరియల్ కంపెనీ కొన్నప్పుడు చాలామంది ఆ షాపు మెట్లెక్కడం మానేశారు. 2017లో అది చేతులు మారింది. బ్రాండు తన పద్ధతి మార్చుకోకపోతే యజమానిని చూసి శిక్షించడం అంత సబబుగా తోచదు. కానీ మన డబ్బు చివరికి ఎవరి ఖాతాలో పడుతుందో తెలుసుకుని కొనడం కొనేవాళ్ల హక్కు.

ఇప్పుడు సీసా లోపలికి. పరీక్ష లేకపోవడం, జంతు పదార్థం లేకపోవడం ఒకటి కాదు. నీచు అంటనివ్వని ఇళ్లు కర్నూలులో, అనంతపురంలో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో ఆడపిల్లలు కూడా ముత్యపు మెరుపున్న గోళ్ల రంగు వేసుకుని, అదే చేత్తో పప్పన్నం కలుపుకుంటారు. ఆ మెరుపుకు పాత కాలంలో వాడింది గ్వానిన్, అంటే చేప పొలుసుల నుంచి తీసే పదార్థం. పదార్థాల జాబితాలో దాని సంఖ్య సీఐ 75170 (సీఐ అంటే కలర్ ఇండెక్స్, రంగులకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య). ఎరుపుకు వాడే కార్మైన్ సీఐ 75470, కొచినీల్ అనే పురుగును ఎండబెట్టి తీస్తారు. లిప్‌స్టిక్‌లో ఎక్కువ, గోళ్ల రంగులో తక్కువ. ఆ పురుగు బతికేది నాగజెముడు మీద. సీమ కంచెల్లో కనిపించే ఆ ముళ్ల మొక్కకూ ఈస్టిండియా కంపెనీ వ్యాపారానికీ ముడి ఉంది: 18వ శతాబ్దం చివర్లో మద్రాసు వైపు కొచినీల్ పెంచి రంగు తీద్దామని కంపెనీ ఆశపడింది. తెచ్చిన పురుగు అసలు జాతిది కాకపోవడంతో రంగు ఆట సాగలేదు, పురుగు మాత్రం నాగజెముడును తినేసింది. ఇక షెల్లాక్ అంటే మన లక్కే, లక్క గాజుల్లోదే, అదీ పురుగు నుంచి వచ్చేదే. పార్లర్లలో షెల్లాక్ పేరుతో వేసే జెల్ పాలిష్‌లో మాత్రం లక్క ఉండదు, అది బ్రాండు పేరు.

కొన్ని పెట్టెల మీద ఆకుపచ్చ చుక్క కనిపిస్తుంది. అది లోపలి పదార్థాల గురించే చెబుతుంది, పరీక్షల గురించి కాదు. కడప, కర్నూలుల్లో ముస్లిం కుటుంబాలు అడిగే హలాల్, వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) నీళ్లు గోటికి తగిలే "బ్రీతబుల్" రకాలదీ ఇదే కథ. అది వేరే ప్రశ్న, దానికి వేరే జవాబు. త్రీ ఫ్రీ, ఫైవ్ ఫ్రీ, టెన్ ఫ్రీ అన్నవి ఆరోగ్యానికి సంబంధించిన లెక్కలు. త్రీ ఫ్రీ అంటే టాల్యూయీన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ అనే మూడు రసాయనాలు లేవని. సంఖ్య పెరిగేకొద్దీ ఏ కంపెనీ లెక్క దానిదే. వారానికోసారి గోళ్లకు వేసుకునే మనిషి కంటే, ఏసీ కోసం తలుపులు బిగించిన చిన్న పార్లర్లో రోజంతా ఆ ఆవిరి పీల్చే అమ్మాయికి ఈ లెక్క ఎక్కువ అవసరం.

మెరుపు దగ్గరే అసలు చిక్కుంది. చేప పొలుసు తీసేసిన కంపెనీలు దాని బదులు ఎక్కువగా వాడుతున్నది అభ్రకం, మన పల్లెల్లో కాకిబంగారం అనేది. పలుచటి అభ్రకం రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పూత పెడితే ముత్యపు మెరుపు వస్తుంది. జాబితాలో మైకా అనో, సీఐ 77019 అనో ఉంటుంది. జంతువు లేదు కాబట్టి వీగన్, అంటే జంతు పదార్థం లేనిదన్న ముద్ర పడుతుంది. ఎవరి కంట్లోనూ వేయలేదు కాబట్టి కుందేలూ వస్తుంది. ఆ కాకిబంగారం ఏ చేతులు ఏరాయన్నది ఏ ముద్రా చెప్పదు.

జార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీ జిల్లాలు అభ్రకానికి పేరు. 1980 అటవీ సంరక్షణ చట్టం తర్వాత అక్కడ అడవిలోని గనులు చాలావరకు మూతపడ్డాయి. గనులు పోయాయి గానీ బతుకుతెరువు ఇంకోటి రాలేదు. వదిలేసిన గుంతల్లో, పాత మట్టి దిబ్బల్లో కుటుంబాలు కూర్చుని చిన్న సుత్తితో తవ్వి తుక్కు అభ్రకం ఏరుతాయి. అక్కడ దాన్ని ఢిబ్రా అంటారు. ఇరుకు గుంతల్లోకి దూరగలిగేది పిల్లలే. కిలోల లెక్కన దళారీ కొంటాడు, అతని దగ్గర పెద్ద వ్యాపారి కొంటాడు, ఎగుమతయ్యేసరికి కాగితాల మీద అది ఏదో సక్రమమైన గనిదై కూర్చుంటుంది. గుంత కూలి పిల్లలు చనిపోతే చెప్పుకోవడానికి కూడా భయమే, ఎందుకంటే తవ్వకమే అక్రమం. 2016లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ పాత్రికేయులు ఇలాంటి మరణాలను బయటపెట్టాక ప్రపంచం కొంత ఉలిక్కిపడింది. 2017లో రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్ అనే కంపెనీల కూటమి ఏర్పడింది. లష్ లాంటి కొన్ని కంపెనీలు గని అభ్రకం మానేసి ల్యాబ్‌లో చేసిన అభ్రకానికి మారాయి. జాబితాలో సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అని కనిపించేది అదే. పలకడానికి నోరు తిరగదు గానీ గుర్తుపెట్టుకోదగ్గ పేరు.

క్రూరత్వం అన్న మాటకు నిజంగా అర్థం ఉంటే దాన్ని ముందు ఇక్కడ వాడాలి. కుందేలు విషయం చట్టం సగానికి పైగా తేల్చింది. కాకిబంగారం విషయం ఎవరూ తేల్చలేదు, పైగా అది మన దేశంలోనే జరుగుతోంది. మన పక్కన నెల్లూరు వైపు గూడూరు కూడా మైకాకు పేరున్న చోటే. ఆ మాటకొస్తే గోళ్ల రంగు జాబితాల్లో కనిపించే సీఐ 77120, అంటే బేరియం సల్ఫేట్, పుట్టేది ముగ్గురాయి నుంచి. ఒకప్పటి కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి గని ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో ఒకటి. అక్కడి రాయి ఎక్కువగా చమురు బావులు తవ్వే పనికి పోతుంది. మట్టిలోంచి వచ్చిన దేనికైనా ఒక ఊరుంటుంది, తవ్విన మనిషి ఉంటాడు, ఆ ఊరి పేరు సీసా మీద ఎక్కడా ఉండదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

కంపెనీకి ఒక మెయిల్ రాస్తే ఇది కొంతవరకు తేలుతుంది. కస్టమర్ కేర్ చిరునామా పెట్టె మీదే ఉంటుంది. మీ ముడిసరుకు సరఫరాదారులు పరీక్షలు ఆపిన తేదీ ఏది, దాన్ని బయటివాళ్లు ఎవరైనా తనిఖీ చేస్తారా, ఫలానా షేడులో గ్వానిన్, కార్మైన్, లక్క ఉన్నాయా, అభ్రకం గనిదా ల్యాబ్‌దా, గనిదైతే ఎక్కడిది. ఈ నాలుగూ తెలుగులో రాసినా పర్వాలేదు, ఇంగ్లీషులో అయితే జవాబు త్వరగా రావచ్చు. షేడు నంబరు రాయడం మరచిపోకూడదు, ఒకే బ్రాండులో మామూలు ఎరుపుకూ మెరుపు గులాబీకీ పదార్థాలు వేరుగా ఉంటాయి. మొదటి మూడింటికి జవాబులు వస్తాయి, బాగా రాసిన జవాబులే వస్తాయి. నాలుగో దాని దగ్గర చూడాలి. గిరిడీ అనో, గూడూరు అనో, మడగాస్కర్ అనో, ల్యాబ్ అనో ఒక మాట ఉంటే ఆ కంపెనీలో ఎవరో ఒకరు ఆ దారి వెంట వెనక్కి వెళ్లి చూశారు. "బాధ్యతాయుతమైన వనరుల నుంచి సేకరిస్తాం" అని మాత్రమే ఉంటే అదే మెయిల్ కింద మళ్లీ ఒక్క ముక్క రాయాలి: ఏ ఊరు?